నగరివారు నీళ్ళాడిన నాడు

విజయశ్రీ పుస్తకం అచ్చుకు వెళ్ళడానికి ఇంకో వారమే ఉంది. పదిహేనో శతాబ్దంలో ఒక రాయలసీమ పట్టణపు జనం, రాజు ప్రమేయం లేకుండా తామే అంగళ్ళ సుంకం ఎత్తేశారని ఒక రాతి శాసనం ఆధారంగా అందులో ఆమె వాదన. ఆ పుస్తకం వస్తేనే న్యూజెర్సీ యూనివర్సిటీలో ఆమెకు టెన్యూర్ వచ్చి ఉద్యోగం నిలుస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఐసెలిన్‌లోని ఇండియన్ హోటల్లో టిఫిన్‌కి కూర్చున్నప్పుడు, ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న రేణు లాప్‌టాప్ తెరిచింది. ఇక్కడే పుట్టిన పిల్ల. డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్ అంటుంది, బయటికి రాగానే ఆంటీ అనేస్తుంది.

"ఆంటీ, కర్నూల్ నుంచి ఇంకో స్టోన్ ఫోటో వచ్చింది. సేమ్ టౌన్, సేమ్ ఇయర్. బట్ ఫన్నీగా ఉంది. 'నగరివారు నీళ్ళాడిన నాడు సుంకము విడిచిరి.' టౌన్ అంతా బాత్ చేస్తే టాక్స్ తీసేస్తారా?"

విజయశ్రీకి నవ్వాగలేదు. "స్నానం కాదే పిల్లా! నీళ్ళాడటమంటే పురుడు పోసుకోవడం. డెలివరీ."

"ఓ మై గాడ్! ఊరు మొత్తం డెలివర్ అయిందా?"

పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూశారు. విజయశ్రీ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఊరు పురుడు పోసుకోదు. రాణి పోసుకుంటుంది. నగరి అంటే రాచనగరు, అంతఃపురం; నగరివారంటే రాణిగారు. ఆ అర్థం ఆమెకు తెలియనిది కాదు. మొదటి శాసనంలో 'నగరివారు', 'సుంకము విడిచిరి' అన్నవే మిగిలాయి, మధ్యది అరిగిపోయింది. పైన వర్తకుల పేర్లున్నాయి కదా అని నగరివారంటే పట్టణవాసులనుకుంది. అలా అనుకోవాలని ఉండి అనుకుంది. సుంకం తీసేసింది జనం కాదు, బిడ్డ పుట్టిన సంతోషంలో రాజు.

"ఆంటీ, మీ చాప్టర్ త్రీ..." రేణుకీ అర్థమైంది. గొంతు తగ్గించింది. "ఈ ఫోటో నాకే వచ్చింది. నెక్స్ట్ ఇయర్ ఓపెన్ చేశానని చెప్తా. అప్పటికి మీ టెన్యూర్ అయిపోతుంది కదా?"

ఆ మాటలో దొంగతనం లేదు, ప్రేమే ఉంది. విజయశ్రీకి అదే ఎక్కువ కష్టమనిపించింది.

"వద్దమ్మా," అని బయటికి వెళ్ళి, కారులో కూర్చుని ఎడిటర్‌కి ఫోన్ చేసింది. ఆ అధ్యాయం తీసేస్తే పుస్తకం ఈ ఏడాది రాదని ఆవిడ మెల్లగా చెప్పింది. టెన్యూర్ కమిటీ అప్పటిదాకా ఆగదు. "తెలుసు," అంది విజయశ్రీ.

తిరిగి వచ్చేసరికి రేణు సాంబారు మళ్ళీ వేడి చేయించి ఉంచింది.

"పుట్టిందెవరో రాశారా?" అంది విజయశ్రీ కుర్చీ లాక్కుంటూ.

"తెలీదు ఆంటీ. అక్కడ ఫోటో కట్ అయింది."

"అయితే కిందిభాగం కూడా తీసి పంపమను."