రొయ్య దగ్గర దిగండి

మా స్టాపుకి పేరు బోర్డు ఎప్పుడూ లేదు. నెల్లూరు నుంచి మైపాడు పోయే బస్సు, రొయ్యల గుంటలు మొదలయ్యే చోట ఆగతాది. ఆడ గొడుగు కింద ఎండుచేపల గంప పెట్టుకుని కూర్చునేది నేను. కండక్టరు గంగులయ్య మొదట్లో "పోలేరమ్మ దగ్గర దిగేవాళ్ళు రండి" అనేవాడు. పోనుపోను "పోలేరమ్మా, పోలేరమ్మ!" అని అరిచేదానికి అలవాటు పడినాడు. అట్లా నేను స్టాపునైపోయినాను.

మాకు పిల్లల్లేరు. నా పేరు పెట్టుకునే మనవరాలు పుట్టేది లేదు. మా ఆయన రమణయ్య పెళ్ళయినకాడ్నించి నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు, "ఏమే"తోనే సరి. నా పేరు గట్టిగా పలికేది ఆ బస్సొక్కటే. ఆ అరుపు వినపడినప్పుడల్లా నాకు కడుపు నిండేది, దాచేదేముంది.

పోయిన ఎండాకాలం మా స్టాపులో నిలబెట్టను లారీలో రొయ్య వచ్చింది. ఫైబరు రొయ్య, మేడంత ఎత్తు. వరికంకుల కట్టను చుట్టుకుని, మీసాలు రోడ్డు మీదికి చాపుకుని ఉంటాది. కింద నల్లరాయి మీద "మన నేల, మన తిండి" అని చెక్కినారు. దాన్ని చేసిన కిషోర్ బాబు తిరుపతి పిల్లోడు. మీ ప్రాంతమంతా ఇందులోనే ఉందని నాకు చెప్పినాడు. వరి మీద రొయ్య ఎక్కి కూర్చునింది కాబట్టి నేనూ ఒప్పుకున్నాను. అప్పటికి నాకేం కోపం రాలేదు.

గంగులయ్య రిటైరైనాక వచ్చింది కోపం. కొత్త కండక్టరు తలుపులో నిలబడి "రొయ్యా, రొయ్య దిగండి!" అని అరిచినాడు. దిగినోళ్ళు మాత్రం మనుషులే.

మా ఆయనతో చెప్పుకుంటే, "రొయ్యకుండే గిరాకీ నీకెక్కడిదే" అన్నాడు. ఆ పూట ఆయనకు చారునీళ్ళే.

కిషోర్ బాబు మీసాలకు రంగేయను మళ్ళీ వస్తే పట్టుకున్నాను. "నాయనా, ఆ రాయి మీద కింద చిన్నగా నా పేరు చెక్కు. పోలేరమ్మ స్టాపు అని."

"రాయి మీద పేరంటే డబ్బిచ్చినోళ్ళదన్నా అయుండాల, పోయినోళ్ళదన్నా అయుండాల పెద్దమ్మా."

"నేను పోయినాక చెక్కితే నాకేం కనపడతాదిరా?"

పాపం, వాడు నిజంగానే ఆలోచించినాడు. "కావాలంటే మీసం ఇంకొంచెం పైకి తిప్పతా" అన్నాడు.

మొన్న ఉప్పు కొనను నెల్లూరు పోయి తిరిగొస్తుండా. ఆడోళ్ళకు టికెట్టు ఊరకే ఇస్తుండారు, ఆధార్ కార్డు చూపించి యాడికో చెప్తే చాలు. కొత్త కండక్టరు నా కార్డు తీసుకున్నాడు.

"యాడికమ్మా?"

"పోలేరమ్మకి."

కార్డు చూసినాడు. "పేరు తెలిసిందిలేమ్మా. దిగేది యాడ?"

"పోలేరమ్మలో."

"నువ్వు పోలేరమ్మవి. సరే. యాడికి?"

బస్సంతా నవ్వింది. వెనక నుంచి ఎవరో, "రొయ్యకి కొట్టన్నా, ఆమె ఆడే కూర్చుంటాది" అన్నారు. వాడు మిషను నొక్కి సున్నా టికెట్టు నా చేతిలో పెట్టినాడు. ఊరకే ఇచ్చే టికెట్టుకు కూడా నా పేరు చెల్లలేదు.

పక్క సీటులో ఒకామె, అల్లూరు మనిషంట, నన్నే చూస్తా ఉండింది. మా స్టాపు దగ్గర పడతా ఉండంగా అడిగింది. "అక్కా, ఆడ ముందు పోలేరమ్మ ఉన్నిందా?"

"ఉన్నింది."

"అయ్యో! రొయ్యబొమ్మ కోసం అమ్మవారిని తీసేసినారా?"

నిజం చెప్దామనే నోరు తెరిచినాను. "పక్కకు నెట్టేసినారు" అన్నాను.

"మహిమగల తల్లా?"

"మహిమ సంగతి తెలీదు. కోపం మాత్రం జాస్తి."

ఆమె గబగబా చెప్పులు విడిచి, కిటికీలోంచి రొయ్య పక్కన నేను కూర్చునే చోటికి దండం పెట్టుకునింది. కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకునింది కూడా. తలుపు దగ్గర కండక్టరు "రొయ్యా, రొయ్య!" అని గొంతు చించుకుంటా ఉండాడు. నేను ఉప్పుమూట ఎత్తుకుని కూడా కదల్లేదు.

"ఏం కోరుకున్నావమ్మా?"

"మా పాపకు జ్వరమక్కా. వారమైనా దిగలేదు."

ఆమె తల మీద చెయ్యి పెట్టినాను.

"తగ్గిపోతాది, పో" అని చెప్పి దిగినాను.