ఎడారి దాటిన ఒడిబియ్యం

మా ఆడబిడ్డ స్వరూప, ఆమె భర్త ఒమన్‌లో టైలర్ షాపు నడుపుతారు. మా ఆయన గణేశ్ సౌదీలో ట్రైలర్ డ్రైవర్. తొమ్మిదేళ్లుగా స్వరూప మా కోరుట్లకు రాలేదు, అన్న చేతి ఒడిబియ్యం, పుట్టింటోళ్లు ఒడిలో పోసే పసుపు బియ్యం, అందుకోలేదు. "తల్లిగారోళ్లు నన్ను మరిచిండ్రు" అని రెండేళ్ల కింద ఫోన్ పెట్టేసింది. మళ్లీ ఎత్తలేదు. అప్పటినుంచి మా అత్త దేవమ్మకు అన్నం సహించదు.

ఇంతలో ఆ రెండు దేశాలు ఎడారి నడుమ నుంచి తిన్నగా రోడ్డు వేసుకున్నాయన్నారు. ఇదివరకు ఇంకో దేశం చుట్టి పోవాలట. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇక్కడ మా పాలోళ్లు, సొంత దాయాదులే, పొలానికి కాలిబాట ఇవ్వక పదేళ్లుగా జగిత్యాల కోర్టు చుట్టూ తిప్పుతున్నారు. దేశానికి దేశం దారి ఇస్తుందా!

మా ఆయనకు ఆ రోడ్డు మీదే డ్యూటీ పడింది. సెలవు అయిపోయి పోయేటప్పుడు అత్త స్వరూపకని బియ్యం కట్టింది. పసుపు అక్కడ కలుపుకుంటాడులే అంటే వినలేదు. "నా చేతి పసుపే ఉండాలె" అని ఇక్కడే కలిపింది. కొంప మునిగింది దాంతోనే.

ఓ మధ్యాహ్నం మా ఆయన వీడియో కాల్ చేశాడు. కనుచూపు మేర ఇసుక, నడుమ ఒక్క చెక్‌పోస్టు.

"అమ్మా, బియ్యానికి గీ పొడేందని ఆపిండ్రు. పారేయుమంటున్నరు."

అత్త ఏడవలేదు. ఫోన్‌ను గోడకు ఆనించి, నన్ను కూర్చోబెట్టి, కొంగు పట్టమంది. చేటలో బియ్యం తెచ్చి దోసిళ్లతో పోసింది. అత్త కోడలికి ఒడిబియ్యం పోయడం ఎక్కడైనా ఉందా! అయినా పట్టాను.

"చూడు సారూ, గిట్ల పోస్తం మా ఆడపిల్లకు" అంది తెరకేసి.

ఒక ముసలి ఆఫీసరు వంగి చూశాడు. "ఉఖ్తీ, ఉఖ్తీ" అంటూ మా ఆయన, తన చెల్లెకని తనకొచ్చిన అరబ్బీలో చెబుతున్నాడు. ఆ పెద్దమనిషి బల్ల మీద పడ్డ గింజలు కూడా ఏరి సంచిలో వేసి, తానే మూతి కట్టాడు. ఆ రోడ్డు వేసినోళ్లకు మా కోరుట్ల ఎక్కడుందో కూడా తెలియదు.

సాయంత్రం మళ్లీ కాల్. తమ టైలర్ షాపులో అన్నను చూసి స్వరూప మొహం తిప్పుకుంది. మా ఆయన సంచి విప్పాడు. పసుపు బియ్యం చూసి ఆమె కూర్చుని చున్నీనే ఒడి చేసి పట్టింది.

అన్న పోసి ఒడి నింపాక పిడికెడు తీసి అన్న చేతిలో పెట్టింది. ఒడిబియ్యం అందుకున్న ఆడపిల్ల పుట్టింట్లో పిడికెడు వదలాలి, అది మా ఆనవాయితీ.

"అమ్మా, గివి మనింట్ల పెట్టుకో" అంది.

మా అత్త రెండు చేతులా కొంగు పట్టి ఫోన్ ముందు చాపింది.