తొమ్మిదో నంబరు ఆరలేదు

ప్రతి గురువారం పొద్దున్నే మన్నూబియా ఫుట్‌బాల్ జట్టు చొక్కాలు ఉతికి స్టేడియం మేడ మీద ఆరేసేది. ట్యునీషియా తీరంలోని ఆ మహ్దియా ఊళ్లో సముద్రపు గాలికి అవి మధ్యాహ్నం నమాజు వేళకల్లా ఆరిపోయేవి. ఎప్పుడో ఏడాదికో రెండేళ్లకో ఒక్క చొక్కా మాత్రం ఆరేది కాదు. ఆ చొక్కావాడు ఆ ఆదివారం ఆడితే, ఇక జన్మలో బంతి తన్నలేడు. అందుకని వాణ్ణి ఆ వారానికి కూర్చోబెట్టేసేవారు. ఎదురుగా కాఫీ కొట్లో పేకాడే వాళ్లు తీగ మీద ఏమైనా మిగిలిందా అని ఓసారి తలెత్తి చూసి, మళ్లీ ముక్కలు పంచుకునేవారు.

మే నెల చివరి గురువారం నాడు ఎడారి గాలి వీచింది. తీగ మీద గుడ్డలు అప్పడాల్లా పెళపెళలాడుతున్నాయి. తొమ్మిదో నంబరు మాత్రం ఇప్పుడే సముద్రంలోంచి తీసినట్టు చల్లగా, బరువుగా వేలాడుతోంది.

అది ఒజియెల్‌ది. బ్రెజిల్‌లో బకబాల్ అనే ఊరివాడు. పోర్చుగల్లో, మాల్దోవాలో, ఒమన్‌లో ఆడి ఆడి ముప్పై మూడో ఏట ఇక్కడికి చేరాడు. బంతి తప్ప వేరే పని చేతకాదు. కూతురు ఫోన్లోనే పెరిగి పెద్దదైంది. ఈ ఆదివారం గెలిస్తే క్లబ్బు పై లీగులోనే ఉంటుంది, అతనికి ఇంకో ఏడాది ఒప్పందం దొరుకుతుంది. ఓడితే రెండూ పోతాయి.

క్లబ్బు అధ్యక్షుడు సీ రషాద్ ఆయాసపడుతూ మేడెక్కి వచ్చాడు.

"ఇంకెవరైనా చూశారా?"

"సాయంత్రం అస్ర్ నమాజయ్యాక కాఫీ కొట్టు నిండుతుంది. అప్పుడు అందరూ చూస్తారు," అంది మన్నూబియా.

"అయితే ఇది తీసెయ్. గదిలో కొత్త తొమ్మిది ఉంది, ఉతకనిది. అది తగిలించు. వాడు లేకపోతే మనం గోలు కొట్టలేం."

మన్నూబియా చేతిలో క్లిప్పుతో అలాగే ఆయనకేసి తిరిగింది. ఆ ఉపాయం తన ఒక్కదానికే తెలుసనుకుంది.

"మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మీ వాడు మురాద్ అప్పుడు ఆరిన చొక్కాతోనే కదా ఆడి కాలు పోగొట్టుకున్నాడు," అన్నాడాయన ఆమె మొహంకేసి చూడకుండా.

ఆయన దిగిపోయాక ఆమె తడి చొక్కా తీయలేదు. కొత్తది తగిలించనూ లేదు. మెట్లు దిగి, కాలికి పట్టీ చుట్టుకుంటున్న ఒజియెల్ పక్కన కూలబడింది.

"నాయనా, నీ చొక్కా ఆరలేదు."

అతను పట్టీ చుట్టడం ఆపలేదు. "గాలి లేదేమో, ఖాల్తీ." ఊళ్లో అందరిలాగే అతనూ ఆమెను పిన్నిగా, ఖాల్తీ అనే పిలిచేవాడు.

"గాలికి కాఫీ కొట్టు గొడుగే ఎగిరిపోయింది."

"ఆడకపోతే నన్ను పంపించేస్తారు. ఆడితే కాలు పోతుంది. నువ్వయితే ఏం చేస్తావు?"

"నేను చేసిందే చెప్తా విను. నాలుగేళ్ల కింద నా కొడుకు మురాద్ చొక్కా ఆరలేదు. ఆ వారం వాణ్ణి చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి మనుషులొస్తున్నారు. కొత్త చొక్కా తగిలించి నోరు మూసుకున్నా. సగం ఆటకే వాడి మోకాలు తిరగబడింది. ఇప్పుడు రేవులో కూర్చుని వలలు కుడుతున్నాడు. చలికాలంలో ఆ మోకాలు నొప్పెడితే, పట్టమని నన్నే పిలుస్తాడు. వాడికింకా తెలీదు."

ఒజియెల్ చుట్టిన పట్టీ మొత్తం విప్పేశాడు.

ఆదివారం అతను మామూలు బట్టల్లో బెంచీ మీద కూర్చున్నాడు. జట్టు ఒక్క గోలుతో ఓడింది. మర్నాడు కాఫీ కొట్టు ముందు నుంచి వెళుతుంటే, "ఏం దొరా, నీ చొక్కా ఇంకా స్నానం చేస్తోందా?" అన్నారెవరో. అతని పలకరింపుకి ఎవరూ బదులివ్వలేదు. వారం తిరక్కుండా పెట్టె భుజాన వేసుకుని, రెండు కాళ్ల మీద నడిచి, ట్యూనిస్ వెళ్లే టాక్సీ ఎక్కాడు.

ఆ రాత్రి మన్నూబియా కొడుకు మోకాలు పడుతూ జరిగింది చెప్పేసింది. మురాద్ కాలు వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ పట్టమని పిలవలేదు.

సీ రషాద్ ఆమెను పనిలోంచి తీసేశాడు. బట్టలారబెట్టే పెద్ద యంత్రం కొన్నాడు. అందులో వేస్తే ఎవరి చొక్కా అయినా అరగంటలో వేడివేడిగా, పొడిగా వచ్చేస్తుంది. మేడ మీద తీగ కూడా తెంపించేశాడు. కాఫీ కొట్టు వాళ్లు తలెత్తడం మానేశారు.

సెప్టెంబరులో తొమ్మిదో నంబరు కోసం బ్రెజిల్ నుంచి ఇంకొకడొచ్చాడు. పేరు జొయెల్సన్, ఇరవై ఏళ్లు. మొదటి ఆట నాడు మన్నూబియా మైదానం గేటు దగ్గర జనంలో నిలబడింది. ఆటగాళ్లు అప్పుడే యంత్రంలోంచి తీసిన చొక్కాలు తొడుక్కుని గదిలోంచి వచ్చారు. అతను తన ముందు నుంచి వెళుతుంటే చెయ్యి చాపి చొక్కా అంచు పట్టుకుంది. రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. పొడిగానే ఉంది. యంత్రం వేడి ఇంకా తగ్గలేదు. తీగ మీదయితే ఆరేదో లేదో ఆమె చేతికి తెలియలేదు.

పెద్దావిడ దీవిస్తోందనుకుని అతను తల వంచి నవ్వాడు. వెనక వాళ్లు తోస్తుంటే ఆమె వేళ్లలోంచి అంచు జారిపోయింది, అతను మైదానంలోకి పరిగెత్తాడు.