గరిటెడు కల్లు

పొద్దున్నే పళ్లు తోముకోకముందు నేను చేసే మొదటి పని ఆరు కుండల కల్లు రుచి చూడడం. తోముకుంటే వేపపుల్ల చేదు నాలుక మీద నిలిచిపోయి అసలు రుచి తెలియదు. అందుకని పాచినోటితోనే చూస్తాను. గీతగాడు చిన్నపోలయ్య తాటిచెట్లు దిగొచ్చి మా దొడ్లో కావడి దించగానే, మా ఆయన జకరయ్య "ఆనందకుమారీ, కుండలొచ్చినాయ్!" అని కేకేస్తాడు. కొబ్బరి చిప్ప గరిటెతో ఒక్కో కుండలోంచి ఒక్కో గుక్క తీసుకుని, నోట్లో తిప్పి, గోడవార ఉమ్మేస్తాను. ఏది మధ్యాహ్నానికే పులిసిపోతుందో, ఏది సాయంత్రం పడవలు ఒడ్డుకొచ్చేదాకా ఆగుతుందో, చిన్నపోలయ్య ఏ కుండ కడక్కుండా చెట్టుకు కట్టాడో చెప్పేస్తాను. ఏది ముందు పొయ్యాలో, ఏది దాచాలో ఆ వరస నాదే. అది తప్పితే జువ్వలదిన్నె పడవలోళ్లు ముంత నేలకేసి కొట్టిపోతారు.

ఈ విద్య నాకెవరూ పిలిచి నేర్పలేదు. మా అమ్మమ్మ తాటిబెల్లం వండేది. పులుపెక్కిన రసం ఎంత కాచినా గడ్డకట్టదని పొయ్యి మీద పెట్టేముందు నా చేత రుచి చూపించేది. సర్కారు మద్యనిషేధం ఎత్తేసి కల్లంగళ్లు తెరిచిన ఏడాది మా ఆయన వేలంలో అంగడి పాడుకున్నాడు. మొదటి వారంలోనే పులిసిన కల్లు పోసి తిట్లు తిన్నాడు. ఆ రోజు తెలివితక్కువగా నోరు విప్పి "ఆ మూడో కుండ వద్దండీ" అన్నాను. అన్నందుకు రెండేళ్లుగా అనుభవిస్తున్నాను. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నీ "జకరయ్య చెయ్యి మంచిది" అంటాయి. ఆయన మీసం దువ్వుకుంటాడు. పైగా, "నేను చుక్క ముట్టనప్పా. అమ్మేది వ్యాపారం, తాగేది పాపం" అని నీతులు కూడా చెప్తాడు. ముట్టడు, నిజమే. ముట్టడానికి నేనున్నాను కదా.

మా చర్చిలో నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు ముందు రోజు, శనివారం సాయంత్రం, సిద్ధపాటు కూటం పెడతారు. యెహోషువ అయ్యగారు ఒక్కొక్కరినీ పేరుపెట్టి లేపి, అందరి ముందూ అడుగుతారు. "ఈ నెల్లో మత్తు పానీయం నీ పెదవులకు తగిలిందా?" ఈ ప్రశ్న కిందటి నెలదాకా మగవాళ్లకే ఉండేది. ఈసారి ఆడవాళ్లనీ లేపారు. మా ఆయన లేచి, "లేదయ్యగారూ" అన్నాడు. అబద్ధం కాదు. తర్వాత నన్ను అడిగారు. దేవుడి ముందు నిలబెట్టి అడిగితే ఏం చెప్పను? "తగిలిందయ్యగారూ" అన్నాను. ఎందుకు తగిలిందో చెప్పడానికి మా ఆయన లేస్తాడని ఆయన వైపు చూశాను. లేచాడు. తలొంచుకుని, "మా ఇంటిదాని బలహీనత కోసం సంఘమంతా ప్రార్థన చేయండి" అని కూర్చున్నాడు.

చేశారు. నా పేరుపెట్టి మరీ చేశారు. మూడు నెలలు ఒక్క చుక్క తగలకుండా ఉంటేనే మళ్లీ బల్లకు రమ్మన్నారు. మర్నాడు రొట్టె పళ్లెం, ద్రాక్షరసం గిన్నె నా ముందునుంచే పక్కనున్న సామ్రాజ్యం చేతికి వెళ్లిపోయాయి. ఆమె నావైపు జాలిగా చూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా మండిపోయింది.

ఇంటికి రాగానే అడిగాను.

"ఎందుకు ముడతానో మీకు తెలీదా? చెప్పలేదేం?"

"చెప్తే నా పరువేం గావాల? వచ్చే నెల సంఘం పెద్దగా నన్నే అనుకుంటా ఉండారు. ఆడదానివి, నువ్వు మూడు నెల్లు యెనక గూర్చుంటే కొంపేం మునగదు."

మా అత్త ఎలిశబెతమ్మ పొయ్యి ముందునుంచి కదలకుండానే అంది. "లేదు అని ఒక్క ముక్క అనుంటే పొయ్యేది గదే. అంతమాత్రం తెలీనిదానివి కాపరం ఎట్టా చేస్తావు?"

ఆ రాత్రి పడుకున్నానే గానీ కన్ను మూతపడలేదు. మూడు నెలలంట! తెల్లారితే ఆరు కుండలొస్తాయి. ఆ నోటితో శనివారం లేదని చెప్పాలంటే అబద్ధమాడాలి, అవునని చెప్తే మూడు నెలలు మళ్లీ మొదలు. ఈ లెక్కన ఆ బల్ల దగ్గరికి ఈ జన్మలో పోలేను. అల్లూరులో మా అన్న దగ్గరికి పోదామా అంటే, తాగుబోతు చెల్లెలొచ్చిందని వదిన గుమ్మంలోనే ముక్కు మూసుకుంటుంది. ఆయన పక్కనే గురకపెట్టి నిద్రపోతున్నాడు. ఎంత హాయిగా ఉందో మనిషికి! రెండేళ్లలో ఒక్క గుక్క కూడా నేను మింగలేదు. మింగి ఉంటే కనీసం ఆ సుఖమైనా దక్కేది కదా అనిపించి, నా మీద నాకే నవ్వొచ్చింది.

తెల్లారింది. చిన్నపోలయ్య కావడి దించి వెళ్లాడు. మా ఆయన కేక వినబడింది. నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను.

"నేను చూడను" అన్నాను.

"ఏందీ?"

"చూడను. ఈ రోజే కాదు, ఇంకెప్పుడూ చూడను. మీ అంగడికి మీ నోరు పెట్టుకోండి."

కొడతాడనుకున్నాను. చెయ్యి ఎత్తాడు గానీ, కుండల వైపు చూసి దించేశాడు. నురగలు పొంగుతున్నాయి. ఒక్కో కుండ మీదా వంగి వాసన చూశాడు. ఆరూ ఒకటే వాసన ఆయనకి. గరిటె ముంచి పైకెత్తి, మళ్లీ కుండలోనే వంపేశాడు. రోడ్డు మీద ఎవరైనా చూస్తున్నారేమోనని తొంగిచూశాడు. నేను గుమ్మంలోంచి కదల్లేదు. చివరికి, "అమ్మా, నువ్వు రా! నువ్వు జూడు!" అని కేకేశాడు.

మా అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గరిటె అందుకుంది. ఒక్క నిమిషం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని, ఆ గరిటె ఆయన అరచేతిలోనే పెట్టి వేళ్లు మూసింది.

"మీ నాయన అంగడికి పదకొండేళ్లు నేనే జూసినానురా. నిషేధం బెట్టినప్పుడు ఊళ్లో మగోళ్లందరూ ఏడ్సినారు. నేనొక్కదాన్నే మోకాళ్ల మీద బడి దేవుణ్ణి స్తుతించినాను, నా నోరు నాకు దక్కిందని."