బావ తెచ్చిన ఫిల్టర్లు

లోహం కరిగించే ఫ్యాక్టరీలో కొలిమి మేస్త్రీగా చేసే బావకు గాలి ఫిల్టర్ల మీద ఎక్కడలేని ప్రేమ ఎందుకు పుట్టిందో మరదలికి అంతుపట్టలేదు. ఆమె ల్యాబులో కెమిస్టు. ఫ్యాక్టరీ పక్కనున్న బడి డాబా మీద మూడు నెలలు గాలి పట్టి, దుమ్ములో ఆర్సెనిక్ ఎంతుందో తేల్చే పని ఆమెదే. ఏ ఫిల్టరు వాడాలో నెలాఖరులోగా చెప్పాలి. అక్క కూతురు చదివేది ఆ బడిలోనే.

"గాజుపీచువి తెచ్చాను. చిరగవు, ఎంత దుమ్మయినా పడతాయి. ఒకసారి చూడమ్మా," అని ప్యాకెట్టు చేతిలో పెట్టిన బావ, అక్క గదిలోకి రాగానే మాట మార్చేశాడు.

ఇందులో ఏదో మతలబు ఉంది. యజమానులు ఉసిగొల్పకపోతే ఈయనకెందుకీ హడావిడి?

ల్యాబులో ఎవరికీ చెప్పకుండా మూడు రకాలు పరీక్షకు పెట్టింది. గాలి సోకని కొత్త ఫిల్టర్లను రియాక్టరులో న్యూట్రాన్ల ముందు ఉంచి, తర్వాత వాటి నుంచి వచ్చే కిరణాలను లెక్కపెడితే, దేనిలో పుట్టుకతోనే ఏముందో బయటపడుతుంది. పల్చటి ప్లాస్టిక్‌ది దాదాపు శుభ్రం. కాగితానిది ఫర్వాలేదు. బావగారి గాజుపీచులో మాత్రం ఆర్సెనిక్ బోలెడు. దాని మీద ఎంత పొగ పడ్డా, అదంతా ఫిల్టరుదేనని ఫ్యాక్టరీవాళ్ళు తప్పించుకోవచ్చు. కళ్ళలో దుమ్ము కొట్టడమంటే ఇదే. ఆమెకు ఒళ్ళు మండింది.

సాయంత్రం వీధి మలుపులో బావను ఆపి అడిగేసింది.

"ఎవరు పంపారు బావా మిమ్మల్ని? మీ కూతురు పీల్చే గాలి అది."

బావ జేబులోంచి కవరు తీశాడు. అందులో అదే రకం ఫిల్టరు, బూడిదరంగుకు తిరిగింది.

"ఇది మా కొలిమి పక్కన వారం ఉంది. ఇందులో ఆర్సెనిక్ ఉన్నా ఫిల్టరుదే, భయం లేదంటారు మా యజమానులు. తొమ్మిదేళ్ళుగా అదే మాట. నిజమో కాదో నువ్వు చెబుతావనే ఆ కొత్తవి తెచ్చాను. మీ అక్క ముందు ఎలా అడగను?"

ఈ మనిషినా తను దొంగను చేసింది! సిగ్గుతో చచ్చిపోయింది.

నాలుగో రోజుకి లెక్క తేలింది. బూడిదరంగు ఫిల్టరులో తేలిన ఆర్సెనిక్‌లోంచి, కొత్తదానిలో పుట్టుకతో ఉన్నంత తీసేసి చూసింది. నమ్మకం కుదరక మళ్ళీ మొదటి నుంచి చేసింది. ఆపైన ఫోను తీసింది.

"ఫిల్టరుది పదో వంతు కూడా లేదు బావా, మిగతాదంతా కొలిమి పొగదే. ప్లాస్టిక్ ఫిల్టరయితే ఆ గొడవే ఉండదు."



"అయితే బడి మీద ఆ ప్లాస్టిక్‌దే పెట్టించు. మీ అక్కకు నేను చెప్పుకుంటాలే."

"ఇప్పుడెక్కడున్నారు?"

"ఎక్కడుంటాను, కొలిమి దగ్గరే."