బాతుకు మూడంగుళాలు

మా ట్రక్కును వీధిలో అందరూ బాతు అనేవారు. పొట్ట నేలకు దగ్గరగా, వెనక భాగం కిందికి జారి, గతుకుల్లో అటూ ఇటూ ఊగుతూ పోయేది. ఆ పేరు పెట్టినవాణ్ణి ఇప్పుడు తప్పు పట్టలేను గానీ, పదిహేనేళ్ళ వయసులో ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. నాన్నతో పనిచేసేవాళ్ళ బళ్ళన్నీ లావుపాటి టైర్లతో, మనిషి నడుమెత్తున దర్జాగా ఉండేవి. "మనదీ లేపించు నాన్నా" అని వారానికోసారి ఆయన ప్రాణం తీసేదాన్ని. నాన్న ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు.

"నాకు ఎత్తంటే భయం తల్లీ."

ఈ మాట అన్న మనిషి ఉద్యోగం ఏమిటంటే వైర్‌లెస్ టవర్లెక్కి పైన బల్బులూ తీగలూ బాగుచేయడం. రెండు వందల అడుగుల ఎత్తున నడుముకో బెల్టు కట్టుకుని, వేళ్ళాడుతూ బీడీ కాల్చిన ఘనుడు. నా నోరు మూయించడానికి ఏదో ఒకటి అంటున్నాడనుకుని నేను అలిగేదాన్ని. అంతకంటే ఆలోచించే బుద్ధి అప్పుడు నాకు లేదు.

నాన్న పోయి ఆరేళ్ళయింది. బాతు నాకు వచ్చింది. నేను టైలర్ని. కుట్టిన బట్టల మూటలు దుకాణాలకు చేరవేయడానికి అది సరిపోతోంది, ఎత్తు సంగతి ఎప్పుడో మర్చిపోయాను. దాన్ని మళ్ళీ గుర్తు చేసింది నాన్నతో పనిచేసిన ఒకాయన ఫోను. కొండమీది పాత టవరు ఇక అక్కరలేదట, దాని పక్కనున్న గదితో సహా నెలాఖరుకు పడగొట్టేస్తారట.

ఆ గదిలోనే అమ్మానాన్నల కాపురం మొదలైంది. ఒకటే గది, ఒకటే కిటికీ, రేకుల కప్పు. అక్కడున్న రెండేళ్ళ గురించి అమ్మ చెప్పినన్ని కబుర్లు, తర్వాతి నలభై ఏళ్ళ గురించి చెప్పలేదు. గాలికి కేకలు వినిపించేవి కావు కాబట్టి, వంట అవగానే అమ్మ తన ఎర్ర దుప్పటి కిటికీకి వేలాడదీసేది. టవరు మీదున్న నాన్న అది చూసి, చేతిలో ఉన్న పానాతో ఇనుప కమ్మీ మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. మూడు దెబ్బలంటే 'వస్తున్నా' అని. "ఒక్కోసారి మూడు కొట్టి కూడా గంటకు గానీ దిగేవారు కాదు" అని అమ్మ ఇప్పటికీ సాధిస్తుంది, ముఖమంతా నవ్వు పెట్టుకుని.

తర్వాత బదిలీ అయింది, నేను పుట్టాను, ఈ ట్రక్కు కొన్నారు. నాకు పదేళ్ళప్పుడు అమ్మ మెట్ల మీద పడి కుడి మోకాలు విరగ్గొట్టుకుంది. అతికింది గానీ, మునుపటిలా వంగలేదు. ఆ మధ్యలోనే ఎప్పుడో వాన నీళ్ళకు కొండదారి కొట్టుకుపోయి, బండరాళ్ళు తేలాయి. ఎత్తు బళ్ళు తప్ప మరేవీ పోలేని దారి అయిపోయింది. నాన్న పోవడానికి ఏడాది ముందు అమ్మ నోరు తెరిచి అడిగింది, ఒక్కసారి ఆ గది చూసి వద్దామని. "ఇప్పుడక్కడ ఏముంది?" అన్నాడు నాన్న, పేపర్లోంచి తలెత్తకుండా. అమ్మ మళ్ళీ అడగలేదు. ఆ మాట ఆవిడకు ఎంత గుచ్చుకుందో నాకు తెలుసు. ఆయన పోయాక కూడా "మీ నాన్నకు ఆ రెండేళ్ళూ గుర్తే లేవు" అని రెండుసార్లు నాతో అంది.

ఫోను పెట్టేసి ఆ కబురు చెప్తే, అమ్మ "ఆ కిటికీ చూడాలనుంది" అంది. అమ్మ అడగడమే తక్కువ. నేను మర్నాడే గ్రీజు బాబాయ్ షెడ్డుకు పోయాను.

గ్రీజు బాబాయ్ నాన్నకు చిన్ననాటి స్నేహితుడు, మెకానిక్. మనిషిని ఎన్నిసార్లు కడిగినా గోళ్ళకింద నలుపు పోదు. షెడ్డులో ఒక గోడంతా టైర్లు, ఇంకో గోడకు బండి స్ప్రింగుల్లో వేసే కమాన్ పట్టీలు వేలాడుతుంటాయి. నేను వెళ్ళేసరికి ఒక బండి కింద పడుకుని, కాళ్ళు మాత్రం బయట పెట్టి ఉన్నాడు.

"నాలుగంగుళాల లిఫ్టు, ముప్పై మూడంగుళాల టైర్లు వెయ్ బాబాయ్" అన్నాను కాళ్ళతో.

కాళ్ళ వెంట మనిషి బయటకు వచ్చాడు. "ఎవరన్నా సినిమా తీస్తున్నారా అమ్మాయ్?"

సంగతి చెప్పాను. ఆయన నవ్వు మానేసి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, పాఠం చెప్పే మేస్టారిలా మొదలుపెట్టాడు. "స్ప్రింగులు లేపితే పైనున్న బాడీ లేస్తుంది. కిందున్న ఇరుసు లేవదు. ఇరుసు మధ్యలో ఈ గుండు చూశావా, రాయికి తగిలేది ఇదీ. దీన్ని లేపేది టైరొక్కటే. పెద్ద టైరు బాడీకి రాసుకోకుండా చోటివ్వడానికే లిఫ్టు. ఉత్త లిఫ్టు చేయిస్తే ఎత్తు చెప్పుల మీద నడిచినట్టుంటుంది, అంతే. ముప్పై మూడు వేస్తే బండి దేన్నైనా ఎక్కేస్తుంది. ఒప్పుకున్నా. కానీ వదిన బండి ఎక్కాలిగా?"

ఆ ఒక్క ప్రశ్నతో నా ప్లానంతా నీరుగారిపోయింది. దారికి ఎత్తు కావాలి, అమ్మకు ఎత్తు పనికిరాదు.

"తీసుకురా వదినని. కొలవకుండా చొక్కా కుడతావా నువ్వు?" అన్నాడు బాబాయ్.

ఆ సాయంత్రమే బాతులో అమ్మను తీసుకొచ్చాను. షెడ్డులో ఎవరిదో నాలుగంగుళాలు లేపిన బండి ఉంటే, దాని ముందు నిలబెట్టాం. అమ్మ చీర కుచ్చిళ్ళు ఓ చేత్తో పట్టుకుని, రెండో చేత్తో డోరు పట్టుకుని, ఎడమకాలు ఎత్తబోయింది. బరువంతా కుడి మోకాలి మీద పడేసరికి ముఖం పాలిపోయింది. నేను వెనక నుంచి పట్టుకున్నాను. ఇంకోసారి ప్రయత్నించి, ఈసారి కుడికాలే ముందు పెట్టాలని చూసింది. అది సగం కూడా లేవలేదు.

"ఇది బండా, మేడా?" అంది అమ్మ, ఆయాసం నవ్వులో కలిపేస్తూ. తర్వాత నెమ్మదిగా, "నువ్వెళ్ళి ఫొటో తీసుకురావే. చాలు నాకు" అంది.

నాకు ఏడుపు రావాల్సిన చోట కోపం వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. "ఫొటో ఎందుకు, బొమ్మ గీసిస్తాను" అని విసురుగా అని, టేపు తీసి బాతు చుట్టూ తిరుగుతూ, అంకెలు పైకే చెప్పుకుంటూ కొలవడం మొదలుపెట్టాను. ముందు చక్రం పైన ఇంత, వెనక ఇంత, డోరు కింద ఇంత. ఏదో ఒక అంకె దగ్గర ఈ దారీ ఆ మోకాలూ రాజీ పడవా అని నా ఆశ.

బాబాయ్ కాసేపు చూశాడు. "వెనక రెండంగుళాలు తక్కువ చెప్తున్నావు. ఆ పెట్టె దించకుండానే కొలుస్తున్నావా?"

ట్రక్కు వెనక నాన్న పనిముట్ల పెట్టె ఉంది. ఇద్దరు మనుషుల బరువున్న ఇనప్పెట్టె. ఆరేళ్ళుగా దాన్ని ఎవరం ముట్టుకోలేదు. మూటలు దాని పక్కనే సర్దుకుంటూ వచ్చాను. మా దుకాణంలో జేబులు ఖాళీ చేయించకుండా ఎవరి నడుమూ కొలవను నేను. సెల్‌ఫోను జేబులో పెట్టుకుని నిలబడినవాళ్ళను కసురుతాను కూడా. అలాంటి దాన్ని, నాన్న జేబులు నిండుగా ఉండగానే కొలిచేశాను. సిగ్గేసింది.

"దించుదామా వదినా?" అని బాబాయ్ అమ్మను అడిగాడు.

అమ్మ తల ఊపింది. పెట్టె నిండా ఉండగా కదలదు కాబట్టి తాళం తీసి ఒక్కోటీ బయట పెట్టాం. పానాలు, తాళ్ళు, నడుము బెల్టు, ఒక డబ్బా నిండా బల్బులు. బెల్టు అమ్మ చేతికిచ్చాను. ఆవిడ దాని బకిల్ మీద బొటనవేలితో రుద్దుతూ స్టూలు మీద కూర్చుంది. అడుగున ఎర్రగా ఏదో కనిపించింది. దుప్పటి. అమ్మది.

"ఇది పోయిందని ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు నేను" అంది అమ్మ.

దుప్పటిలో ఏదో చుట్టి ఉంది. విప్పితే రెండు మెట్ల చెక్క పీట. నున్నగా చిత్రిక పట్టి, కాలు జారకుండా మెట్ల మీద పాత టైరు ముక్కలు మేకులతో బిగించి ఉంది. పై అంచున రెండు ఇనుప కొక్కేలు. బండి డోరు కింద తగిలిస్తే పీట కదలకుండా ఉండేందుకు అవి. నాన్న చేతి పని నాకు తెలుసు. మేకు తలలన్నీ లోపలికి దిగగొట్టి, పైన మైనం పూస్తాడు.

అమ్మ కోసం చేశాడు. అంతవరకూ ఎవరికైనా తెలుస్తుంది. పెట్టె దించాక వెనక వైపు రెండంగుళాలు తనంతట తానే లేచిన బాతు దగ్గరికి ఆ పీట తీసుకెళ్ళి డోరు కింద పెట్టాను. కొక్కేలు తగల్లేదు. డోరు అంచుకు పైన, గాలిలో నిలిచాయి. తప్పు చేశాడేమో అనుకున్నాను ఒక్క క్షణం. తర్వాత టేపు పెట్టి చూశాను. రెండు కొక్కేలూ సరిగ్గా మూడంగుళాల పైన ఉన్నాయి. అటు మూడు, ఇటు మూడు.

టవరు మీద వేళ్ళాడుతూ బోల్టు కొలిచే మనిషి, నేల మీద కూర్చుని చేసిన పీటలో మూడంగుళాలు తప్పడు. ఈ పీట ఇప్పుడున్న బాతుకు చేసింది కాదు. లేపిన బాతుకు చేసింది.

బాబాయ్ నెత్తి గోక్కున్నాడు. గ్రీజు జుట్టుకు అంటుకుంది. "ఏడేళ్ళ కింద ఒకసారి వచ్చి, ముప్పై ఒక్క అంగుళాల టైర్లేస్తే లిఫ్టు ఎంత కావాలని అడిగాడు. రెండంగుళాలు చాలన్నాను. బండి ఎవరిదన్నా అంటే, ఎవరో తెలిసినవాళ్ళది అన్నాడు." వేళ్ళు మడిచాడు. "స్ప్రింగుకు రెండు. టైరు రెండంగుళాలు పెద్దదైతే బండి లేచేది సగం, ఒకటి. మూడు."

"ముప్పై ఒకటితో ఆ రాళ్ళు దాటుతామా?"

"నెమ్మదిగా పోతే దాటతావు. అది చూసుకోకుండా పీట చేస్తాడా? ఆ దారి ఎన్నిసార్లు నడిచి కొలిచాడో, ఎవరికి తెలుసు."

ఎత్తంటే భయమని ఎందుకన్నాడో నాకు అప్పుడు తెలిసింది. అమ్మ ఎక్కలేని బండి ఆయనకు అక్కరలేదు. వీధంతా బాతు అని నవ్వినా, కూతురు అలిగినా, బండిని అమ్మ మోకాలి ఎత్తున ఉంచాడు. అమ్మ నోరు తెరిచి అడిగాకే లేపాలనుకున్నాడు. ముందు పీట చేసుకున్నాడు. తర్వాత జ్వరం వచ్చింది, ఆసుపత్రి అయింది, మిగతాది అయిపోయింది. చెప్పి పోవచ్చు కదా అని నాకు నాన్న మీద చాలా కోపం వచ్చింది. ఈసారి కోపంతో పాటు ఏడుపు కూడా వచ్చింది.

అమ్మ ఏడవలేదు. దుప్పటి మడతలు విప్పి, మళ్ళీ పెట్టి, "ఏముంది అక్కడ అన్నారు నాతో" అంది. "దొంగ మనిషి" అని కూడా అంది. ఆ మాటను అంత ముద్దుగా అనడం అంతకు ముందు నేను వినలేదు.

పని నాలుగు రోజులు పట్టింది. కొత్త కమాన్ పట్టీలు, పొడవాటి షాకబ్జార్బర్లు, ముప్పై ఒక్క అంగుళాల టైర్లు నాలుగు. ఐదో రోజు పొద్దున్నే పీట తగిలించాను. కొక్కేలు డోరు అంచున టక్కుమని కూర్చున్నాయి. అమ్మ ఒక మెట్టు, రెండో మెట్టు, తర్వాత సీటు. నేను చెయ్యందిస్తే, "తియ్యి, నాకు దారి అడ్డం" అంది.

కొండదారిలో బాతు ఊగింది గానీ ఎక్కడా పొట్ట తగల్లేదు. ఒకచోట బండరాయి మీదికి ఎక్కుతుంటే నేను స్టీరింగుకు అతుక్కుపోయాను. అమ్మ మాత్రం కిటికీలోంచి చూస్తూ, ఇక్కడ నీళ్ళు పట్టుకునేవాళ్ళం, ఇక్కడ నాకు పాము కనిపించింది, మీ నాన్న నాకంటే ముందు పరిగెత్తారు అని చెప్తూనే ఉంది.

గది ఇంకా ఉంది. కప్పు సగం పోయింది. కిటికీకి తలుపులు లేవు, చువ్వలున్నాయి. అమ్మ పీట మీంచి తనే దిగి, కుంటుకుంటూ వెళ్ళి ఆ చువ్వలు పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత నాన్న పెట్టెలో నుంచి తెచ్చిన పానా చేతిలోకి తీసుకుని టవరు దగ్గరికి నడిచింది. తుప్పు పట్టిన కమ్మీ మీద కొట్టింది. ఒకటి. రెండు. మూడు.

ఆ చప్పుడు కమ్మీల వెంట పైదాకా పోయింది.

"ఏంటమ్మా ఆ పని? మూడంటే వస్తున్నా అని కదా!"

"అవును."

"ఎందుకు కొట్టావు మరి?"

"ఈసారి దుప్పటి వేసింది ఆయనేగా" అంది అమ్మ. "పిలిచినవాళ్ళకు జవాబివ్వొద్దూ?"

నా ముఖం చూసి, పానా నా చేతికిచ్చి, భుజం మీద ఒక్కటి చరిచింది.

"ఏడవకే. మూడు కొట్టి ఆయనెప్పుడు వెంటనే దిగారు గనక?"