పంటికి సున్నం

కుట్టుపనావిడకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. కొలత టేపును కూడా నమ్మేది కాదు, జానతో మళ్లీ కొలిచి చూసుకునేది. అలాంటి మనిషి నోరు తెరిచి తన ముందు పన్నును పరాయి చేతుల్లో పెట్టాల్సి వచ్చిందంటే, ఇక ఆ చేతుల గతి వేరే చెప్పాలా?

పంటి వేరులో చీము పట్టింది. పళ్ల డాక్టరమ్మ పన్ను వెనకవైపు చిన్న రంధ్రం చేసి, లోపలంతా కడిగి, తెల్లటి ముద్ద కూరి, పైన తాత్కాలికంగా మూత వేసింది.

"ఇది సున్నం జాతి మందమ్మా. లోపలి క్రిముల్ని చంపుతుంది. మళ్లీ వచ్చేదాకా ముందు పళ్లతో ఏమీ కొరక్కండి" అంది.

తగ్గలేదు. చిగురు మీద పొక్కు మళ్లీ లేచింది. డాక్టరమ్మ పాత ముద్ద తీసి కొత్తది పెట్టింది. అదీ పనిచెయ్యకపోతే మూడోసారీ అదే పెట్టింది.

"ఈసారీ లొంగకపోతే మూడు యాంటీబయాటిక్కులు కలిపిన ముద్ద పెట్టి చూద్దాం. దాంతో పన్ను నల్లబడొచ్చు. అప్పటికీ మొండికేస్తే పీకెయ్యడమే" అంది డాక్టరమ్మ.

ఆ మాట ఆవిడ గుండెలో కలుక్కుమంది. వాళ్లమ్మ ముందు పన్ను పోయాక, బతికున్నన్నాళ్లూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వింది. తనకూ అదే రాసిపెట్టి ఉందేమోనని నిజంగానే భయపడింది. కానీ భయాన్ని ఒప్పుకునే రకం కాదు, అందుకే కోపం తెచ్చుకుంది.

"గోడకి కొట్టే సున్నం నా పంటికి కొడుతోందే ఆవిడ! రోగం ముదరబెట్టి, పన్ను పీకి, కట్టుడు పన్ను అంటగట్టాలని చూస్తోంది" అంది దుకాణంలో, తన తమ్ముడి భార్యతో.

"ఊరుకోండి వదినా! మీరు కొరక్కూడనివి ఏమైనా కొరికారా?" అంది మరదలు, కోటు అంచు మడుస్తూ.

"మెత్తటి జావ తప్ప ఏం తిన్నానే? ఆవిడ మందే కల్తీ. ఈసారి కళ్లారా చూసి నలుగురిలో కడిగిపారేస్తా" అంటూ ఆవిడ బ్యాండు వాళ్ల ఆకుపచ్చ కోటుకి గుండీ బిగించి, తల వంచి, దారం పుటుక్కున తెంపింది.

మర్నాడు మరదల్ని సాక్షిగా వెంటబెట్టుకుని వెళ్లింది. చేతికి అద్దమిస్తేగాని నోరు తెరవనని భీష్మించుకుంది. డాక్టరమ్మ నవ్వి అద్దం ఇచ్చింది. మూత ఒక పక్క అరిగి వదులై ఉంది. సన్నటి పరికరంతో లోపల కదిపితే ఆకుపచ్చగా ఏదో పైకి వచ్చింది.

"పాచి!" కుర్చీలోంచి లేవబోయింది ఆవిడ. "చూశావుటే? మందుకి పాచి పట్టింది! నేను ముందే చెప్పానా లేదా?"

డాక్టరమ్మకీ అర్థం కాలేదు. దాన్ని తెల్లటి దూది మీద పెట్టి, లైటు కిందకి లాగి, కొసతో మెల్లగా విడదీసింది. అది పాచి కాదు. వేలి గోరంత పొడవున దారప్పోగు.

"మూత సందులోంచి దూరినట్టుంది. ఆ సందులోంచే ఉమ్మీ క్రిములూ పోయి మందుని పనిచెయ్యనివ్వలేదు. ఇదెక్కడిదమ్మా?" అంది డాక్టరమ్మ.

ఎక్కడిదో ఆవిడకి చూడగానే తెలిసిపోయింది. ఆ రంగు కోసం దారాల పెట్టె అంతా తనే గాలించింది. అయినా ఒక్కసారి డాక్టరమ్మ కోటు వైపు ఆశగా చూసింది. అది తెల్లగా ఉంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడ చెయ్యి పెదవుల మీదకి పోయింది.

"కత్తెర ఎప్పుడూ పక్కనే ఉంటుందండీ. అయినా దారం పంటితోనే..." అని ఆగిపోయింది మరదలు.

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. చిన్న గొంతుతో, "ఆ సున్నమే ఇంకోసారి పెట్టండి డాక్టరమ్మా. పీకకండి" అంది.

డాక్టరమ్మ మందు పెట్టి, ఈసారి గట్టి మూత వేసింది.

దుకాణానికి రాగానే ఆవిడ మిషనుకి కత్తెర కట్టేసుకుంది. మిగిలిన కోటు తీసుకుని గుండీ కుట్టి, ముడి వేసింది. వేసీ వెయ్యగానే మెడ దానంతటదే కిందకి వంగింది. పెదవికి దారం తగిలాక ఉలిక్కిపడి, కోటు దూరంగా తోసేసింది.

"ఒసేయ్, నీ కుర్చీ ఇలా నాకెదురుగా వేసుకో" అంది మరదలితో. "నన్నో కంట కనిపెట్టి ఉండు. నన్ను మాత్రం అస్సలు నమ్మకు."